ఆమె క్షేమంగా దిగిన ప్రయాణం

నేను రిటైరైన నాటికి నా వయసు ముప్పై మూడు. నాతోపాటు అదే రోజు రిటైరైన బస్సు నాకంటే చిన్నది. దాని ఇంజిను పనికిరాదనీ, తుక్కు కింద అమ్మవచ్చనీ పెద్దల సంతకాలతో రాసిచ్చారు. నా గురించి ఎవరూ ఏమీ రాయలేదు. బస్సే లేనప్పుడు బస్సులో సాంకేతిక సహాయకుడు ఎందుకన్న ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు, జవాబు మాత్రం అందరికీ తెలుసు. వీడ్కోలు సభలో బస్సుకు కొబ్బరికాయ కొట్టారు, నాకు శాలువా కప్పారు. కాయే నయం, దాన్ని తినవచ్చు.

ఇప్పుడు మళ్ళీ కొత్త బస్సు వస్తోందట. అందులో చేరబోతున్న పిల్లలు ఫోన్ చేసి, "అన్నా, పని ఎట్లుంటది?" అని అడిగారు. ఏ మీట ఎక్కడుందో బస్సుతోపాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది. అందులో ఉండనిది ఇక్కడ రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

మాది సంచార విజ్ఞాన ప్రదర్శన. పాత బస్సులో సీట్లు పీకేసి, రెండు వైపులా గాజు పెట్టెలు బిగించారు. మీట నొక్కితే కొట్టుకునే కప్ప గుండె, తిరిగే గ్రహాలు, వాన ఎలా పడుతుందో చూపించే డబ్బా వాటిలో ఉండేవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు మా వంతు. అప్పట్లో అవన్నీ ఒకే జిల్లా. వాన డబ్బా దగ్గర జనం కదిలేవారు కారు. ఆ మెట్ట ప్రాంతంలో అడిగినప్పుడు వాన పడే చోటు అదొక్కటే.

నా నియామక పత్రంలో 'ప్రజలలో శాస్త్రీయ దృక్పథం పెంపొందించుట' అని ఉంది. ఆచరణలో నా పనుల వరుస ఇది. మొదటిది, కరెంటు వెతకడం. రెండోది, దుమ్ము తుడవడం. మూడోది, రిబ్బను కత్తిరించే ముఖ్య అతిథి కోసం ఎదురుచూడడం. నాలుగోది, అతిథితో వచ్చిన పెద్దమనుషులు కప్ప గుండె మీటను పిల్లల వంతు రాకముందే విరగ్గొట్టకుండా కాపాడడం. ఆ తర్వాత మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఏమైనా సమయం మిగిలితే అది శాస్త్రీయ దృక్పథానిది.

మా డ్రైవరు జహంగీర్ భాయ్ నా ఇంజినీరింగు చదువును మొదటి రోజే పరీక్షించాడు.

"సార్, నువ్వు ఇంజినీరువంట గద. గీ పంకా ఎందుకు తిరుగుతలేదో జర చెప్పు."

"కరెంటు లేదు భాయ్."

"గిది నేను గుడ చెప్తుంటి. గీ మాత్రానికి కాలేజీ ఎందుకు పోయినవ్?"

ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్నకు నాకు సరైన జవాబు దొరకలేదు.

మాపైన ఒక సమన్వయాధికారి ఉండేవారు. అందరం పెద్దసార్ అనేవాళ్ళం. ఆయనకు సైన్సు మీద అపారమైన గౌరవం. అందుకే దాని జోలికి పోయేవారు కాదు. ఆయన దృష్టి ఎప్పుడూ వేదిక మీద, మైకు మీద, మరుసటి రోజు పేపర్లో పడే ఫోటో మీద ఉండేది.

ఆమె బతికున్నప్పుడు

బస్సు వెనక భాగంలో, వాన డబ్బాకూ కప్ప గుండెకూ మధ్య ఒక పటం ఉండేది. మన దేశంలో చిన్న పట్టణంలో పుట్టి, విమానాల చదువు చదివి, అంతరిక్షంలోకి వెళ్ళివచ్చిన మహిళ పటం అది. మన గడ్డ మీద పుట్టిన ఆడవాళ్ళలో అక్కడిదాకా మొదట వెళ్ళింది ఆమే. ఆ పటం ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడేవారు కారు. పక్కనే కప్ప గుండె కొట్టుకుంటుంటే మనిషిని ఎవరు చూస్తారు?

పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడు. పెళ్ళయిందా? పిల్లలున్నారా? మాంసం తింటుందా? వనపర్తిలో ఒక ఉపాధ్యాయుడు మూడూ వరుసగా అడిగి, మూడో జవాబు విని తృప్తిపడి, "మంచి సంస్కారం" అని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళాడు. పైకి వెళ్ళి ఆమె చేసిన పనేమిటని ఒక్కరు అడిగినా చెప్పడానికి నేను తయారుగా ఉండేవాణ్ణి. ఆ అవసరం రాలేదు.

ఆడపిల్లలు మాత్రం ఒకే ఒక ప్రశ్న అడిగేవారు. మగపిల్లలు దిగిపోయాక, ఒకరినొకరు తోసుకుంటూ, చివరికి ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడిగేవారు: "సార్, ఆమె ఆడ దొడ్డికి ఎట్ల పోతది?"

నవ్వకండి. నా ఉద్యోగంలో విన్న ప్రశ్నల్లో అసలైన ఇంజినీరింగు ప్రశ్న అదొక్కటే. చాలా బడుల్లో వాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఉన్నచోట తాళం, ఆ తాళంచెవి హెడ్‌మాస్టరు జేబులో. పొద్దున ఇంట్లో బయలుదేరిన పిల్ల సాయంత్రం దాకా ఆపుకునే చోట, అంతరిక్షంలో ఆడమనిషికి ఏం ఏర్పాటు చేశారన్నది వాళ్ళకు మొదటి సందేహం కాక మరేమవుతుంది?

నేను పాత వాక్యూమ్ క్లీనరు మోటారుతో ఒక నమూనా తయారుచేశాను. బరువు లేని చోట ఏదీ కిందికి పడదు, అందుకని గాలితో లాగేస్తారని చూపించే నమూనా. నాగర్‌కర్నూలులో దాని ముందు వరుస బస్సు దిగి గేటు దాకా వెళ్ళింది. పెద్దసార్ చూశారు.

"ఏమయ్యా శ్రీకాంత్, చదువుల తల్లి ఇంట్లో ఇదేం దరిద్రం? తీసెయ్."

తీసేశాను. జహంగీర్ భాయ్ దాన్ని పారెయ్యనివ్వకుండా తన సీటు కింద దాచాడు. "ఏమో సార్, పనికొస్తది. మంచిగ గుంజుతది" అన్నాడు.

ఆమె గొప్పదైన తర్వాత

ఆమె రెండోసారి వెళ్ళింది. తిరిగి వస్తుండగా నౌక ఆకాశంలోనే ముక్కలైంది. ఆమే కాదు, తోటివాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. ఆ వార్త తెలిసిన రోజు జహంగీర్ భాయీ నేనూ బస్సు బయటికి తీయలేదు. ఇద్దరం టైర్లకు గాలి చూస్తూ గడిపాం. గాలి సరిగానే ఉంది.

తర్వాతి వారం పెద్దసార్ వచ్చారు. వెనక నుంచి పటం ముందుకు మారింది. ప్లాస్టిక్ దండ పడింది, కింద ఎర్ర బల్బు వెలిగింది. బతికున్నన్నాళ్ళూ కప్ప పక్కన నిలబడ్డ మనిషికి చనిపోగానే డ్రైవరు వెనక, దేవుడి పటం పక్కన చోటు దొరికింది. మన దగ్గర పదోన్నతి రావాలంటే ఏం చెయ్యాలో అప్పుడు అర్థమైంది.

అంతటితో ఆగలేదు. పెద్దసార్ స్వయంగా ఒక నివాళి రూపకం రాశారు. ప్రతి బడిలో ఒక ఆడపిల్ల చేత తెల్ల దుస్తులు, అట్ట శిరస్త్రాణం వేయించి ఆడించాలి. మొదటి రంగంలో ఆమె తల్లికి మొక్కి రాకెట్ ఎక్కుతుంది. రెండో రంగంలో కాలిపోతుంది. మధ్యలో ఆమె అక్కడ గడిపిన రోజులన్నీ ఒక ఈల శబ్దంలో అయిపోతాయి. చివర్లో దీపానికి ఎర్ర కాగితం అడ్డుపెట్టాలి, సాంబ్రాణి పొగ వేయాలి, పిల్ల పడిపోవాలి, తెల్ల దుప్పటి కప్పాలి, పైన పూలు చల్లాలి. సాంకేతిక సహాయకుడిగా సాంబ్రాణి బాధ్యత నాది.

పెద్దసార్ మొదటి వరుసలో కూర్చుని, దుప్పటి కప్పగానే వెనక్కి తిరిగి జనాన్ని చూసేవారు. "ఎంతమంది ఏడ్చారయ్యా?" ఆయన దగ్గరున్న కొలమానం అదొక్కటే. పొగ వల్ల వచ్చిన నీళ్ళూ ఆ లెక్కలోకే వచ్చేవి.

ఆ రూపకం ఏం నేర్పుతోందో నాకు తిమ్మాజిపేటలో తెలిసింది. ఆట అయిపోయాక ఒక రైతు తన కూతుర్ని చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి తీసుకొచ్చి, దండ వేసిన పటం చూపించాడు.

"సూసినవా? నేను జెప్తే ఇనకపోతివి. పదో తరగతే శానా ఎక్కువ. గంత సదివితే గిదే గతి."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కల్పించుకున్నాను. "అది ప్రమాదం అన్నా. చదువు వల్ల జరిగింది కాదు."

"సదువకుంటే ఆడికి పోతుండెనా, సారూ?"

తర్కంలో ఎక్కడా పొరపాటు లేదు. మేమే ఊరూరా తిరిగి, మైకు పెట్టి, పొగ వేసి మరీ నిరూపించిన సిద్ధాంతం అది. ఈ సంగతి పెద్దసార్‌కు చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. "చూశావా, జనంలోకి ఎంత లోతుగా వెళ్ళిందో!" అన్నారు.

గుడి కంటే ఎత్తు

ఆ ఉత్సాహంలో పెద్దసార్ పోటీ పెట్టారు. మండలానికి ఒక జట్టు ఆ రూపకాన్నే గద్వాలలో ప్రదర్శించాలి. గెలిచిన జట్టులో వ్యోమగామి వేషం వేసిన పిల్లను, వెంట ఇంటి పెద్ద ఒకరితో సహా, సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి నిజమైన రాకెట్ ప్రయోగం దూరం నుంచి చూపిస్తారు.

నాకు అప్పగించిన జట్టు మల్దకల్ దగ్గర ఒక ఊరిది. వేషానికి హెడ్‌మాస్టరు రేణుక అనే తొమ్మిదో తరగతి పిల్లను పిలిపించాడు. సన్నగా, పొడుగ్గా ఉంది. మైకు అంటే భయం లేదు. అసలు దేనికీ ఉన్నట్టు లేదు. తల్లిదండ్రులు మేస్త్రీ గుంపుతో కాలువ పనికి దూరం పోయారు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ తిమ్మక్క ఒక్కతే.

మొదటి రోజే రేణుక నన్ను అడిగింది. "సార్, గెలిస్తే నిజంగ రాకెట్ సూపిస్తరా? ఉత్తగనే చెప్తలేరు గద?"

"నిజంగానే."

"మంట కిందికి పోతె అంత బరువు మీదికి ఎట్ల లేస్తదో నాకు సూడాలె సార్. పుస్తకంల సదివిన గని నమ్మబుద్ధి అయితలేదు."

నేను చేరిన కొత్తల్లో పెద్దసార్‌కు కూడా ఇదే సందేహం ఉంటుందని ఊహించాను. లేదు.

రేణుక, ఆమె స్నేహితురాళ్ళు వెదురు బద్దలతో, అట్టలతో రాకెట్ కట్టారు. బడి ముందు నిలబెట్టగానే ఊరి పెద్దలు వచ్చారు. ఆ ఊళ్ళో గుడి కంటే ఎత్తుగా ఇల్లు కట్టరు. మేడలు లేవు. డబ్బున్నవాళ్ళు కూడా అడ్డంగానే పెరుగుతారు. అట్ట రాకెట్ ఇల్లు కాదు కదా అన్నాను. "ఇల్లు గాదు గని ఎత్తు ఎత్తే గద సారూ" అన్నారు. బడి మిట్ట మీద ఉంది, గుడి పల్లంలో ఉంది. కొలిచి చూస్తే మా రాకెట్ ముక్కు నిజంగానే గోపురాన్ని దాటింది. అంతరిక్షానికి బయలుదేరిన నౌకకు ముక్కు కోశాం. రేణుక కోసిన ముక్కను తలకు పెట్టుకుని చూసింది. సరిగ్గా సరిపోయింది. అదే శిరస్త్రాణం.

తిమ్మక్క అభ్యంతరం

గద్వాల పోటీ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం పూర్తి వేషాలతో ఆడించాం. రేణుక పడిపోయింది. దుప్పటి కప్పారు. పూలు చల్లబోతుండగా గోడ పక్క నుంచి కేక వినిపించింది.

"ఎవడ్రా నా మనుమరాలికి గుడ్డ కప్పినోడు?"

అందరూ నా వైపు చూశారు. తిమ్మక్క చేతిలో కట్టెతో వచ్చింది. వచ్చీరాగానే దుప్పటి గుంజి పడేసింది. రేణుక పడుకునే, "అవ్వా, గిది ఆట, లోపల మంచిగనే ఉన్న" అంది.

"నోరు మూయి, లేవు ముందు!" నా వైపు తిరిగింది. "నా పెనిమిటి భాగవతం ఆడిండు సారూ, నాకు ఆట అంటే ఏందో తెల్వదనుకోకు. సచ్చే యేషం ఏసినోడు రంగు కడుక్కునే ముందుగాల జనం ముందట లేచి నిలబడాలె. హారతి తీయాలె. ఒకపారి గట్టిగ నవ్వాలె. నేను సావలేదని అందరికి తెల్వాలె. గట్ల చేస్తనంటే ఆడు. లేకుంటే నా పిల్లను తోల."

హెడ్‌మాస్టరు నాకంటే తెలివైనవాడు. వెంటనే ఒప్పేసుకున్నాడు. నేను ఊరి టెలిఫోన్ బూత్‌కు వెళ్ళి పెద్దసార్‌కు చెప్పాను.

"శ్రద్ధాంజలి ఘటించాక శవం లేచి నవ్వుతుందా? నీకు మతి ఉందా? ఆ పిల్లను మార్చు."

మార్చి చూశాం. సర్పంచి తమ్ముడి కూతురు రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, ఇక ఎంత బతిమాలినా ముందుకు పోలేదు. నేర్పుగా పడిపోవడం మాత్రం వచ్చింది. పెద్దసార్ అంచనాల ప్రకారం అది చాలు. కానీ రేణుక కిటికీ బయట నిలబడి ఆ పిల్ల మాటలన్నీ పెదవులతో చెబుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాంబ్రాణి ఇంకా వెలిగించలేదు.

మర్నాడు నేనే తిమ్మక్క ఇంటికి వెళ్ళాను. శాస్త్రీయ దృక్పథం పెంపొందించడానికే వెళ్ళాను. వేషం వేసినంత మాత్రాన మనిషికి ఏమీ కాదని, ఇదంతా మూఢనమ్మకమని, ఉదాహరణలతో సహా వివరించాను. ఆమె వేరుశనగ కాయలు ఒలుస్తూ అంతా విన్నది. అయ్యాక అడిగింది.

"గా పిల్ల మీదికి ఎన్నిపార్లు పోయింది?"

"రెండుసార్లు, అవ్వా."

"మొదటిపారి ఏమాయె?"

"మొదటిసారి క్షేమంగానే దిగింది."

"దిగిందా?" ఒలవడం ఆపింది. "మరి గది ఆడుండ్రి. గా రోజు గుడ గామెదే గద?"

గుమ్మంలో నిలబడ్డ రేణుక నా ముఖంలోకి చూసింది. ఇన్ని నెలలుగా, ఇన్ని బడుల్లో, మాలో ఎవరికీ తోచనిది అదే. ఆ పటంలోని మనిషి జీవితంలో ఏళ్ళ తరబడి చదువు ఉంది, శిక్షణ ఉంది, రెండు ప్రయాణాలున్నాయి. మేము చివరి నిమిషాలు మాత్రం పట్టుకుని ఊరూరా తిప్పుతున్నాం. తిమ్మక్కకు ఇదేదీ పట్టదు. రాకెట్ మీదికి పోతే జలుబు చేస్తుందా అన్నది ఆమె తర్వాతి ప్రశ్న. ఆమెకు కావలసింది మనుమరాలు లేచి నిలబడడం. అంతే.

మళ్ళీ బూత్‌కు వెళ్ళాను. పెద్దసార్ అంతా విన్నారు.

"తిరిగొస్తే అందులో కథేముందయ్యా?"

ఆ వాక్యం మీరు గుర్తుపెట్టుకోవాలి. మీపై అధికారులు వేరే మాటల్లో, మంచి మాటల్లో అదే అంటారు. ఆయన చివరికి, "నేను గద్వాల వస్తున్నాను, నా రూపకమే ఉండాలి" అని పెట్టేశారు. హెడ్‌మాస్టరును అడిగాను. పెద్దసార్ ఎప్పుడో వచ్చి పోతారు, తిమ్మక్క రోజూ బడి ముందు నుంచే నీళ్ళకు పోతుంది అన్నాడు. మొదటి ప్రయాణమే ఖాయమైంది.

గద్వాలలో

కొత్త రూపకానికి ఉన్నది కొన్ని రోజులే. మధ్యలో ఈల శబ్దం తీసేసి, ఆ చోట ఆమె రోజువారీ పని పెట్టాం. గోడకు కట్టుకుని నిద్రపోవడం. గాలిలో తేలే నీటి బొట్టును నోటితో అందుకోవడం. పొడుగాటి యంత్రం చేతిని నడిపి ఉపగ్రహాన్ని పట్టుకోవడం, అది జారితే కంగారు పడకుండా మళ్ళీ ప్రయత్నించడం. ఆ చేతికి ఊరి బావిలో పడిన చేదను తీసే గాలపు కొక్కెం వాడాం. జహంగీర్ భాయ్ తన సీటు కింద దాచిన గాలి గుంజే నమూనాను బయటికి తీశాడు. "చెప్పిన గద, పనికొస్తదని."

దిగే రంగం కోసం నేను రేణుకకు ఒక సంగతి చెప్పాను. అక్కడ కాళ్ళకు పని ఉండదు, కాబట్టి దిగిన కొత్తలో నేల మీద నిలబడడమే కష్టం. కాళ్ళు తడబడతాయి, తల తిరుగుతుంది. ఆమె రెండు రోజులు ఆ తడబాటే సాధన చేసింది. తిమ్మక్క మాత్రం తన షరతు నెగ్గాక సాధన వైపు రాలేదు. ఆమె గద్వాలకు తిన్నగా ఆట చూడడానికే వచ్చింది.

మాకంటే ముందు వనపర్తి వైపు జట్టు ఆడింది. మంటలు అద్భుతం. పొగ ఎంత వేశారంటే ముఖ్య అతిథి దగ్గుతూ బయటికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. పెద్దసార్ ఆ కన్నీళ్ళు చూసి మురిసిపోయారు.

తర్వాత ముక్కులేని రాకెట్‌తో మావాళ్ళు. రేణుక గాలి గుంజే మరుగుదొడ్డి గురించి, సిగ్గు లేకుండా, బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆడపిల్లల వరుసల్లో మొదట కిసకిసలు, తర్వాత నవ్వులు. చివరికి అందరూ ముందుకు వంగి విన్నారు. నీటి బొట్టు అందుకుంటే చప్పట్లు కొట్టారు. పెద్దసార్ వెనక్కి తిరిగి చూశారు. ఒక్కరూ ఏడవడం లేదు. నా వైపు చూశారు. నేను సాంబ్రాణి పొట్లం చూపించాను, విప్పలేదు.

అట్ట తలుపు తెరుచుకుంది. రేణుక బయటికి అడుగు పెట్టింది. మోకాలు వంగింది. రెండో అడుగు పక్కకు పడింది. చెయ్యి చాచి, పట్టు దొరక్క, ముందుకు తూలింది. ఎంత బాగా చేసిందంటే సభంతా ఊపిరి బిగబట్టింది.

"బిడ్డా!"

తిమ్మక్క కుర్చీలు తోసుకుంటూ వేదిక ఎక్కింది. "నేను జెప్తనే ఉన్న! ఈ సార్లు నా పిల్లను..." అంటూ రేణుకను రెండు చేతులతో పట్టుకుంది. నా ఉద్యోగం ఆ క్షణంలో పోయిందనుకున్నాను. రేణుక వేషం వదల్లేదు. శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుని, అవ్వ భుజం ఆసరాగా నిటారుగా నిలబడింది. మైకు దగ్గరే ఉంది.

"ఏం గాలేదవ్వా. మీద బరువు లేకుండె, కిందికొచ్చిన గద, మళ్ల బరువు వచ్చింది. గంతే. జర నిలబడనియ్యి, అలవాటైతది."

తిమ్మక్క ఆమెను పైనుంచి కిందికి చూసింది. "దిగినట్టేనా?"

"దిగిన."

"మరి నవ్వు."

రేణుక నవ్వింది. గట్టిగా. సభ మొత్తం ఆమెతో నవ్వింది. ముఖ్య అతిథి కూడా నవ్వారు, ఈసారి దగ్గు లేకుండా.

న్యాయనిర్ణేతలు వనపర్తి వైపు జట్టుకు మొదటి స్థానం, మాకు రెండో స్థానం ఇచ్చారు. 'ముగింపులో విషాదం లోపించినది, మధ్యలో ప్రేక్షకురాలు వేదిక ఎక్కినది' అని కారణం చదివారు. రెండో బహుమతి ఒక స్టీలు గిన్నె. రేణుక గిన్నె పట్టుకుని ఫోటోకు నిలబడింది. దిగేటప్పుడు ఇక తడబడలేదు. తిన్నగా వెళ్ళి బస్సు ఎక్కింది. తిమ్మక్క ఆ గిన్నెలో ఎన్ని శేర్ల బియ్యం పడతాయో జహంగీర్ భాయ్‌తో వాదిస్తూ కూర్చుంది. రేణుక కిటికీ వైపే తిరిగి ఉంది.

తిరుగు ప్రయాణం

రాకెట్ చూసే రోజు దగ్గర పడింది. పెద్దసార్ పేపరువాళ్ళకు ముందే చెప్పుకున్నారు. గెలిచిన పిల్లను తీసుకురావడానికి నన్ను వనపర్తి వైపు పంపారు. ఆ పిల్ల తండ్రి అరుగు మీద నుంచి లేవను కూడా లేదు.

"నా బిడ్డ కాలిపోయింది నేను కండ్లార సూసిన సారూ. నలుగుర్ల గుడ్డ గప్పిండ్రు. వారం దినాలు దాని తల్లి బువ్వ తినలే. మళ్ల నిజం రాకెట్ కాడికి తోలమంటవా?"

"అది ఆటే కదా అన్నా?"

"ఆటే. మస్తు మంచిగ ఆడింది. అందుకే తోల."

ఇంతకంటే గొప్ప విమర్శ ఏ రూపకానికీ రాలేదు. పెద్దసార్‌కు చెప్పాను. ఆయన చేతిలో ఒక ఆహ్వాన పత్రం, రెండు రైలు టికెట్లు, రాబోతున్న ఫోటోగ్రాఫరు ఉన్నారు, పిల్ల లేదు. "ఆ రెండోవాళ్ళు... ఆ ముసలావిడ పంపిస్తుందా?" అని అడిగారు. ఆయన గొంతులో అంత వినయం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

రేణుక బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. అవ్వ ముందు నిలబడి ఆమె ముఖంలోకి చూసింది. తిమ్మక్క నన్ను అడిగింది.

"ఇప్పుడు పోయే దాంట్ల మనుషులు ఉంటరా?"

"ఉండరు అవ్వా. యంత్రాలే."

"నా పిల్ల దగ్గరికి పోదు గద?"

"చాలా దూరం నుంచి చూడడమే."

"సరే, నేను గుడ వస్త." తర్వాత రేణుకతో అంది, "పో, సంచి సర్దు. దిగొచ్చుడు నేర్చుకుంటివి గద. ఇగ పోవచ్చు."

సముద్రం ఒడ్డున రాకెట్ లేచింది. మంట కిందికి పోయింది, బరువు మీదికి పోయింది. రేణుక చప్పట్లు కొట్టలేదు. నోరు తెరిచి చూస్తూ, రెండు అరచేతులతో గాలిని కిందికి నొక్కుతూ, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు నిలబడింది. పెద్దసార్ కళ్ళు తుడుచుకున్నారు. అలవాటు. తిమ్మక్క తలెత్తి అడిగింది.

"ఎప్పుడు దిగుతది?"

"ఇది దిగదు అవ్వా."

"దిగనిదానికి గింత లొల్లా?" అని కొంగు సర్దుకుంది.

కొత్తగా చేరేవాళ్ళకు చెప్పవలసింది ఇంతకంటే పెద్దగా లేదు. కరెంటు మీరే వెతుక్కోవాలి, వైరు పొడుగ్గా తీసుకెళ్ళండి. మరుగుదొడ్డి ప్రశ్నకు సిగ్గుపడకుండా జవాబు చెప్పండి. ఆమె పటాన్ని బిగించేటప్పుడు పైన దండకు మేకు కొట్టకండి. మేకు లేకపోతే దండ వేయరు, దండ లేకపోతే ఆ మనిషి ఏం చేసిందని అడిగే వీలుంటుంది. ఎనిమిదేళ్ళ ఇంజినీరింగులో నేను కనిపెట్టింది ఇదే.

రేణుక తర్వాత వనపర్తిలో పాలిటెక్నిక్‌లో చేరింది. చేరిక పత్రం మీద వేలిముద్ర వేసేటప్పుడు తిమ్మక్క పెట్టిన షరతు కూడా అదే: వారం వారం ఇంటికి రావాలి. నాకు మాత్రం వాళ్ళు సముద్రం నుంచి తిరిగొచ్చిన పొద్దు గుర్తుంది. గద్వాల బస్టాండులో తిమ్మక్క ముందు దిగి, సంచి అందుకోవడానికి వెనక్కి తిరిగింది. రేణుక మెట్టు మీద నుంచి కాలు కింద పెట్టి, మోకాలు వంచి, పక్కకు తూలింది.

"బిడ్డా!" అని కేకపెట్టి పట్టుకోబోయి, ముఖం చూసి ఆగిపోయింది తిమ్మక్క.

"బరువు మళ్ల వచ్చిందవ్వా" అంది రేణుక.

అవ్వ వీపు మీద ఒకటి వేసింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఇద్దరూ నవ్వారు.